నీటిలోని ప్రేలుడు - ఓడ వెన్ను

నీటిక్రింద మందు ప్రేలినచో ఓడకు బిలము పడి, నీరు చొచ్చి, ఓడ మునుగునని మనలో పెక్కురు తలంతురు. అట్లు జరుగుటయుఁ గలదు. కాని పెద్ద బిలము పడకయే ఓడ చెడు విధమొకటి యున్నది. దానినిగూర్చి మా చదువరులకుఁ గొంత తెలుపుదుము.

1939వ సంవత్సరము నవంబరు 21వ తేదీన బెల్‌ఫాస్టు అను బ్రిటిషు యుద్ధనౌక స్కాట్లండు తీరమున ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అను సముద్రపుపాయలోఁ బోవుచుండఁగా, జర్మనులుంచిన అయస్కాంతపు మైను దానిక్రిందఁ ప్రేలెను. ఇట్టి మైనును ఓడ తాఁకనక్కరలేదు; ఉక్కు ఓడ దాపునకు వచ్చినంతనే అయస్కాంతబలము మాఱుటచేత నది ప్రేలును. ఓడకుఁ బడిన రంధ్రము చిన్నదే. కాని వెన్నెముకవంటి యడుగుదూలము 3 అంగుళములు మీఁదికి వంగెను, యంత్రములు విఱిగెను, ఇరువదిమందికిఁ బైగా గాయపడిరి. వారిలో నొక నావికుఁడు మీఁదికెగిరి పైకప్పునకుఁ దల తగులుటచేతఁ దరువాత మరణించెను. రంధ్రము వానిని చంపలేదు, అదరు చంపినది.

ఇది యెట్లు? నీరు గాలివలె నణఁగునది కాదు. కావున ప్రేలుడుదెబ్బ నీటిలో సెకండునకు సుమారు 1500 మీటర్ల వేగమునఁ బోయి ఓడయడుగును మోఁదును. రేకు చినుఁగకున్నను, దానికి బిగించిన యంత్రములన్నియు నొక్కుమ్మడి మీఁదికి విసరఁబడును. సాగుగుణము లేని పోతయినుప భాగములు పగులును.

అంతటితోఁ దీఱలేదు. ప్రేలినమందు వాయువై నీటిలోఁ బెద్దబుడగగాఁ బెరుఁగును. ఆ వేగమున మితిమీఱి పెరుఁగుటచే లోపలి యొత్తిడి తగ్గును; అంతట చుట్టునున్న నీరు దానిని నలిపివేయును; అది మరల నుబ్బును. ఇట్లు ఉబ్బుచుఁ దగ్గుచు పైకి లేచును. కావడి మోయువాని యడుగు బద్దయూఁపునకు సరిపడినచో ఆ యూఁపు హెచ్చుట మనమెఱిఁగినదే. బుడగలయ ఓడయొక్క సహజమైన యూఁపునకు దగ్గఱయైనచో ఓడయంతయు నట్లే యూఁగి నడుమ విఱుగవచ్చును.

బెల్‌ఫాస్టు మరమ్మతునకు దాదాపు మూఁడేండ్లు పట్టెను. నడుమ బలము చేకూర్పఁబడి 1942 నవంబరులో నది మరల కొలువుఁ జేరెను. 1971 నుండి లండనులో థేమ్సునదిపైఁ బ్రదర్శనశాలగా నున్నది.

తరువాతి యుద్ధనౌకలలో సున్నితమైన యంత్రములను స్ప్రింగులపైనో రబ్బరుదిమ్మలపైనో నిలుపుచున్నారు. ఈ యేర్పాటులు నిలుచునో లేదో కాగితముపై లెక్కించినఁ జాలదు. 2021లో అమెరికా నౌకాదళమువారు జెరాల్డ్ ఆర్. ఫోర్డు అను క్రొత్త విమానవాహకనౌకకుఁ గొంతదూరమున, అట్లాంటికు సముద్రములో, 40,000 పౌనుల చొప్పున మూఁడుమాఱులు మందు ప్రేల్చి, లోపల నేది నిలిచెనో యేది చెడెనో నావికులచేతనే వెదకించిరి.