చదవలేని కాగితం.. చెల్లని నిర్బంధం

ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, కోర్టులో ఇంగ్లిషు. హోసూరు, తిరుత్తణి, గుమ్మిడిపూండి వైపు తెలుగు కుటుంబాలకు ఇది మామూలే. కానీ కొడుకును 'గూండా చట్టం' కింద జైల్లో పెట్టారని కబురొచ్చిన రోజున, చేతికిచ్చిన కాగితం ఏ భాషలో ఉందన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది.

తమిళనాట గూండా చట్టమని పిలిచేది 1982 నాటి 14వ నంబరు చట్టాన్ని. సారా, మత్తుమందులు, ఇసుక, దౌర్జన్యాలు.. వీటికి అలవాటు పడ్డాడంటూ కలెక్టరో, నగర పోలీసు కమిషనరో ఉత్తర్వు ఇస్తే చాలు. నేరం రుజువు కానక్కర్లేదు. బయట ఉంటే మళ్లీ చేస్తాడన్న అనుమానంతోనే 12 నెలల దాకా లోపల ఉంచొచ్చు. కేసు సలహా మండలి ముందుకెళుతుంది గానీ అక్కడ లాయరును పెట్టుకునే హక్కు లేదు. చదువురాని మనిషైనా తన గోడు తానే చెప్పుకోవాలి.

అందుకే తల్లో, భార్యో హైకోర్టు మెట్లెక్కి హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తారు. అక్కడ జడ్జీలు నేరం చేశాడా లేదా అన్నది తేల్చరు. ఉత్తర్వు పద్ధతి ప్రకారం ఇచ్చారా అని చూస్తారు. భాష పట్టింపు వచ్చేది ఇక్కడే.

నోటిమాట చాలదు

నిర్బంధానికి కారణాలు తెలపాలని, దానిపై విన్నవించుకునే అవకాశం ఇవ్వాలని రాజ్యాంగం 22(5) అధికరణం చెబుతోంది. 1962లో మహారాష్ట్ర కేసులో ఇంగ్లిషు రాని వ్యక్తికి ఇంగ్లిషు కాగితాలిచ్చి, హిందీలో నోటితో వివరించామన్నారు. అది చాలదని సుప్రీంకోర్టు తేల్చేసింది. 1968లో ఒడిశాలోని కటక్ కేసులోనూ అదే మాట. టైపు చేసిన 14 పేజీల ఉత్తర్వును చదివి వినిపిస్తే ఎవరికి గుర్తుంటుంది? తెలిసిన భాషలో, తెలిసిన లిపిలో రాసి ఇవ్వాల్సిందే అంది. 1999లో గూండా చట్టం కేసులోనే ఒక్క రిమాండు కాగితానికి తమిళ అనువాదం ఇవ్వనందుకు నిర్బంధం మొత్తం ఎగిరిపోయింది.

'లిపి' అన్న ఆ ఒక్క మాట సరిహద్దు జనానికి చాలా విలువైనది. తెలుగు మీడియంలో చదివిన పెద్దలు కొందరు తమిళం గడగడా మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. కుర్రాళ్ల సంగతి వేరు. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. వాళ్లు తమిళం చదవగలరు, తెలుగు అక్షరాలే రావు. వాళ్ల తరఫున 'తమిళం రాదు' అని వాదిస్తే నిలవదు. అయితే నగరి, సత్యవేడు ఠాణాల నుంచి తెచ్చిన తెలుగు ఎఫ్ఐఆర్‌లు జతచేస్తే మాత్రం, వాటికి తమిళ అనువాదం అడగొచ్చు. ఇంటిపేరు తెలుగైనంత మాత్రాన తెలుగు చదువు వచ్చినట్టు కాదు మరి.

ఆంధ్ర, తెలంగాణల్లో పీడీ యాక్టు అనేది 1986 నాటి చట్టం. దాని కింద గొలుసు దొంగతనాల కేసులో ఇచ్చిన ఉత్తర్వును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మామూలు చట్టంతో సరిపోయే నేరాలకు దీన్ని వాడటం తగదంది. సలహా మండళ్లు రబ్బరు స్టాంపులు కారాదంది.

గెలిచినా ఆలస్యమే బాధ. పిటిషన్ విచారణకు వచ్చేసరికే నెలలు గడిచిపోతాయి. కాబట్టి కాగితాలు అందిన రోజే తేదీ రాసిపెట్టుకోవాలి. ఏ పేజీ చదవలేకపోయాడో, ఏ భాషలో కావాలో రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోవాలి. ఇంకోటి.. నిర్బంధం రద్దయినా పాత కేసులు అలాగే ఉంటాయి. వాటికి బెయిలు విడిగా తెచ్చుకుంటేనే జైలు గేటు తెరుచుకునేది.