బిడ్డల జ్వరము – లంఘనము

పసిబిడ్డకు ఒడలు కాలినచో మన యిండ్లలో వైద్యునికంటె ముందుగా ఆజ్ఞ యిచ్చువారు తాతలును, అవ్వలును. నీళ్లు పోయవద్దనియు, పాలు పట్టవద్దనియు, గాలి తగులనీయవద్దనియు వారు చెప్పుటయు, తల్లి మాఱు పలుకక తలుపులు మూసి గొంగళి కప్పుటయు నేటికిని కొన్నియిండ్ల జరుగుచున్నది. లంఘనము పరమౌషధమను నానుడియే దీని కాధారము. అయితే నవజ్వరమున లంఘనమును విధించిన ఆయుర్వేద గ్రంథములే బాలురకును, వృద్ధులకును, గర్భిణులకును, దుర్బలులకును అది కూడదన్నవి. లోకమునకు విధి జ్ఞాపకమున్నది గాని నిషేధము లేదు.

జ్వరము స్వయముగా రోగము కాదు. సూక్ష్మజీవులు దేహమున ప్రవేశించినపుడు వానిని ఎదుర్కొనుటకై దేహమే తన వేడిమిని పెంచుకొనును. ఉష్ణమాపకమున 100.4 డిగ్రీలు, ఆపైన ఉన్నచో జ్వర మందురు. అయినను అంకెకంటె బిడ్డను చూచుట ముఖ్యము. 103 డిగ్రీలున్నను నీరు త్రాగుచు ఆటబొమ్మకై చేయి చాచు బిడ్డకంటె, 101 డిగ్రీలే యుండి కన్ను తెఱవక, పాలు విడిచిన బిడ్డను గూర్చి యెక్కువ భయపడవలెను.

జ్వరవేళ ఒంటినుండి నీరు మామూలుకంటె అధికముగా పోవును. పోయిన నీటిని మరల చేర్చుటయే ఇంటివారు చేయదగిన ప్రధాన చికిత్స. చంటిబిడ్డకు తల్లిపాలు మాటిమాటికి ఇయ్యవలెను. ఎదిగిన బిడ్డకు కాచి చల్లార్చిన నీరు, పలుచని గంజి, మజ్జిగ కొంచెము కొంచెముగా పట్టవచ్చును. ఆకలియన్న ఇడ్లియో, మెత్తని పప్పన్నమో పెట్టుడు, వలదన్న నిర్బంధింపకుడు. ఏడ్చినను కన్నీరు రాకున్నను, ఆఱు గంటలుగా మూత్రము లేకున్నను, చంటిబిడ్డ మాడు గుంటపడినను నీరు చాలలేదని గ్రహించి ఆసుపత్రికి పోవలెను. గొంగళి తీసి పలుచని నూలుబట్ట వేయుడు. మంచునీటితో తుడువరాదు, వణకు పుట్టి లోపలి వేడిమి పెరుగును.

మందు విషయము కొలదిగా చెప్పెదను. పారాసిటమాలును బిడ్డ బరువునుబట్టి వైద్యుడు చెప్పిన మోతాదున, సీసాతో వచ్చిన కొలగిన్నెతోనే పోయవలెను. మన వంటింటి చెంచాలు రెండు ఒక్కతీరుగా ఉండవు. ఆస్పిరిను బిడ్డలకు కూడదు.

ఆఱు నెలలు మొదలు ఐదేండ్ల వఱకు గల బిడ్డలలో కొందఱికి జ్వరముతో ఫిట్సు వచ్చును. చూచువారికి ప్రాణము పోయినట్లుండును గాని తఱచు ఐదు నిమిషముల లోపల అది తానే ఆగును. బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోట చెంచాగాని, నీరుగాని పెట్టరాదు. చేతిలో తాళపుచెవు లుంచుట వ్యర్థము; వాతలు పెట్టుట క్రూరము. ఐదు నిమిషములు దాటిన 108 వాహనమును పిలువుడు. ఆగినను ఆ దినమే వైద్యునకు చూపవలెను.

మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము వచ్చినచో అర్ధరాత్రియైనను తెల్లవారుదాక ఆగరాదు. ఏ వయసు బిడ్డయైనను ఊపిరి తీయునపుడు డొక్క లెగురవేసినను, మెడ బిఱుసెక్కినను అంతే. డెంగీ యందు మఱియొక చిక్కు గలదు. మూడవనాటికో, అయిదవనాటికో జ్వరము దిగును, ఇంటివారు ఊరడిల్లుదురు, అపాయము మొదలగునది అప్పుడే. జ్వరము దిగిన రెండు దినములలో కడుపునొప్పి, మాటిమాటికి వాంతి, చిగుళ్లనుండి రక్తము, కాలుసేతులు చల్లబడుట – వీనిలో ఒక్కటి కానవచ్చినను బండి కట్టింపుడు.