వగరులోని మర్మం

లేత జామకాయ కొరికినా, పచ్చి అరటికాయ ముక్క నమిలినా నోరు పిడచగట్టుకుపోతుంది. దీనిని మనం వగరు అంటాము. ఇదే కన్నడంలో ఒగరు, తమిళంలో తువర్పు, మరాఠీలో తురట, ఒడియాలో కషా. ఆయుర్వేదం చెప్పే ఆరు రుచులలో ఇది కషాయం. ఈ వగరుకూ, మనం తినే అన్నం అరగడానికీ గల సంబంధాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

వగరుకు ముఖ్య కారణం టానిన్లు అనే పదార్థాలు. వీటికి మాంసకృత్తులను అంటిపెట్టుకొనే గుణం ఉంది. మన లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే మాంసకృత్తులను ఇవి పట్టి ముద్దకట్టిస్తాయి. అందుకే నాలుక గరుకుగా తోస్తుంది. పండే కొద్దీ చాలా కాయలలో టానిన్లు తగ్గడమో, నీటిలో కరగని రూపానికి మారడమో జరుగుతుంది. అప్పుడు వగరు పోతుంది.

ఇక అన్నం సంగతి. పిండిపదార్థం గ్లూకోజు లంకెలతో కూర్చిన పొడవాటి గొలుసు. లాలాజలంలోను, క్లోమరసంలోను ఉండే అమైలేజు అనే ఎంజైము దానిని చిన్న ముక్కలు చేస్తుంది. చిన్నప్రేగు గోడల వద్ద గ్లూకోసిడేజు ఎంజైములు ఆ ముక్కలను గ్లూకోజుగా మారుస్తాయి. ఎంజైములు కూడా మాంసకృత్తులే. కనుక టానిన్లు వాటినీ పట్టుకొని పని మందగింపజేయగలవు. పరీక్షనాళికలో ఇది స్పష్టంగా కనబడుతుంది. మధుమేహానికి వాడే అకార్బోజు మందు సూక్ష్మజీవి నుండి లభించినదైనా, అడ్డుకొనేది ఈ ఎంజైములనే.

అయితే పచ్చికాయలు తింటే చక్కెర వ్యాధి కుదురుతుందా? అలా అనుకోరాదు. పరీక్షనాళిక వేరు, కడుపు వేరు. భోజనంలోని పప్పు, పాలు మొదలైన వాటి మాంసకృత్తులు టానిన్లను ముందే పట్టివేయవచ్చు. క్లోమం స్రవించే అమైలేజు కూడా అవసరానికి మించే ఉంటుంది. మందుకు కొలత ఉంది. కాయకాయకూ టానిన్ల పాలు మారుతుంది.

అరటికాయ విషయంలో మరొక మెలిక ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు దాని పిండి రేణువులు బిగువుగా ఉండి, ఎంజైములకు తేలికగా లొంగవు. ఉడికిస్తే ఉబ్బి లొంగిపోతాయి. కాబట్టి పచ్చి కాయకు చెప్పిన గుణం అరటికాయ కూరకు అలాగే వర్తించదు.

ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలు వగరు కాయలను నమ్మి మందు మానదలిస్తే, ఈ తేడాను వారికి వారి మాటలోనే వివరించి చెప్పండి. చదువుకున్నవారిగా అది మన బాధ్యత.