ప్రోగ్రామింగ్ రానివాళ్లతోనూ ప్రోగ్రామ్‌లు రాయించింది.. స్ప్రెడ్‌షీట్ అసలు కథ ఇదీ!

ప్రపంచాన్ని ఎక్కువగా మార్చిన కంప్యూటర్ ప్రోగ్రామ్ ఏది? టెక్కీలను అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెబుతారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ అంటారు కొందరు. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోన్లన్నీ దాని ఆలోచనల మీదే నడుస్తున్నాయి మరి. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ అంటారు ఇంకొందరు. ఇంటర్నెట్‌ను సామాన్యుల దాకా తెచ్చింది అదే. లినక్స్, గూగుల్ సెర్చ్.. ఈ జాబితాకు అంతే ఉండదు.

అయితే ఈ చర్చల్లో చాలామందికి గుర్తురాని పేరు ఒకటుంది. విజిక్యాల్క్. ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు. కానీ దాని వారసుడు మీకు బాగా తెలుసు. కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో ఎంఎస్ ఆఫీస్ నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ తెలిసిన ఎక్సెల్.

అడ్డగీతలు, నిలువుగీతలు గీసి ఉన్న ఓ గళ్ల కాగితం. చూడ్డానికి అంతే. మరి అందులో అంత గొప్పేముంది?

క్లాస్‌రూమ్‌లో పుట్టిన ఆలోచన

1978. అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూల్. డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి అక్కడ ఎంబీఏ చదువుతున్నాడు. అప్పటికే ఎంఐటీలో కంప్యూటర్లు చదివి, ఉద్యోగం కూడా చేసి వచ్చినవాడు. కంపెనీ లెక్కలు వేయాలంటే ఆ రోజుల్లో పెన్సిల్, రబ్బరు, క్యాలిక్యులేటర్ తప్ప వేరే దారి లేదు. ఒక్క అంకె తప్పు పడిందా, దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్లీ వేసుకోవాల్సిందే.

మన దగ్గర చిట్టా, ఆవర్జా పుస్తకాలు రాసిన పాతతరం గుమస్తాలకు ఈ బాధ చెప్పక్కర్లేదు. అమెరికాలో అకౌంటెంట్లు ఇలాంటి లెక్కలకు వెడల్పాటి గళ్ల కాగితాలు పరిచి వాడేవాళ్లు. వాటినే స్ప్రెడ్‌షీట్లు అనేవారు. అంటే ఆ మాట కంప్యూటర్లతో పుట్టింది కాదు, కాగితం నుంచి వచ్చింది.

ఒక అంకె మారిస్తే మిగతావన్నీ వాటంతట అవే మారిపోయే బ్లాక్‌బోర్డు ఉంటే ఎలా ఉంటుంది? క్లాసులో కూర్చుని బ్రిక్లిన్ కన్న పగటికల ఇదే. ఆ తర్వాత ఓ యాపిల్-2 కంప్యూటర్ అరువు తెచ్చుకుని బేసిక్ భాషలో నమూనా తయారుచేశాడు. అది పనిచేసింది గానీ బాగా నెమ్మది. అప్పుడు రంగంలోకి దిగాడు ఎంఐటీ మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్.

అసలు ప్రోగ్రామ్ రాసింది ఫ్రాంక్‌స్టన్. అద్దె ఇంటి అటక మీద కూర్చుని, ఎక్కువగా రాత్రిళ్లే రాసేవాడు. ఎందుకంటే వాళ్లు ప్రోగ్రామ్ రాయడానికి ఎంఐటీ పెద్ద కంప్యూటర్‌ను ఫోన్ లైను మీద వాడుకునేవాళ్లు. దానికి గంటల లెక్కన డబ్బు కట్టాలి. రాత్రి అయితే రేటు తక్కువ. పైగా యాపిల్-2లో ఈ ప్రోగ్రామ్ నడవడానికి పెట్టుకున్న మెమరీ ఎంతనుకున్నారు? 32 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక్క గుడ్‌మార్నింగ్ ఫొటో కూడా అంతకంటే పెద్దది. అంత ఇరుకు చోటులోనే గళ్లు, సూత్రాలు, లెక్కలు అన్నీ సర్దాల్సి వచ్చింది.

1979 అక్టోబర్‌లో విజిక్యాల్క్ మార్కెట్లోకి వచ్చింది. ధర దాదాపు 100 డాలర్లు.

పెళ్లి బడ్జెట్‌తో చూస్తే ఈజీ

ఇది ఎందుకు అంత పెద్ద విషయమో ఓ ఉదాహరణతో చూద్దాం. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారు. 600 మందికి భోజనాలు, ప్లేటు 350 రూపాయలు. అంటే 2,10,000. ఫంక్షన్ హాల్ 3,00,000. మొత్తం 5,10,000. ఇదంతా కాగితం మీద రాసుకున్నారు. ఇంతలో వియ్యంకుడి ఫోన్.. "మావైపు ఇంకో 150 మంది వస్తారు బావగారూ" అని. ఇక మళ్లీ మొదటి నుంచి కొట్టివేతలు, కూడికలు.

స్ప్రెడ్‌షీట్‌లో అయితే 600 ఉన్న గడిలో 750 అని కొడితే చాలు. భోజనాల గడి 2,62,500 అయిపోతుంది. మొత్తం గడి 5,62,500 అని చూపిస్తుంది. ఎందుకంటే ఆ గడుల్లో దాగి ఉన్నది అంకె కాదు, సూత్రం. 'ఆ గడిని ఈ గడితో గుణించు, వచ్చినదాన్ని ఇంకో గడితో కలుపు' అనే ఆదేశం అన్నమాట. ఏ గడి దేని మీద ఆధారపడిందో ప్రోగ్రామే గుర్తుపెట్టుకుంటుంది.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఆ సూత్రం రాసిన పెళ్లిపెద్ద, తనకు తెలియకుండానే ఓ ప్రోగ్రామ్ రాసేశాడు. అంతకుముందు కంప్యూటర్‌తో ఏదైనా లెక్క చేయించుకోవాలంటే ప్రోగ్రామర్ దగ్గరకు వెళ్లి, విషయమంతా వివరించి, రోజులో వారాలో ఎదురుచూడాలి. విజిక్యాల్క్ ఆ మధ్యవర్తిని తీసేసింది. యూనిక్స్ ప్రోగ్రామర్ల జీవితాన్ని మార్చింది. స్ప్రెడ్‌షీట్ మాత్రం ప్రోగ్రామింగ్ ముఖం చూడని కోట్లమందిని ప్రోగ్రామర్లుగా మార్చేసింది. ప్రభావంలో దీన్ని ముందు వరసలో నిలబెట్టడానికి ఈ ఒక్క కారణం చాలు.

యాపిల్‌కు ఊపిరి పోసింది

అప్పటిదాకా వ్యాపారుల దృష్టిలో పర్సనల్ కంప్యూటర్ అంటే కుర్రాళ్ల ఆటబొమ్మ. విజిక్యాల్క్ వచ్చాక సీన్ మారింది. 100 డాలర్ల ప్రోగ్రామ్ వాడటం కోసం 2,000 డాలర్లకు పైగా పెట్టి యాపిల్-2 కొన్నవాళ్లు ఎందరో. మొదటి ఏడాది అది యాపిల్ మీద మాత్రమే దొరికేది మరి. యాపిల్-2 అంతగా అమ్ముడుపోవడానికి ఈ ప్రోగ్రామే కారణమని స్టీవ్ జాబ్స్ కూడా తర్వాత ఒప్పుకున్నారు. ఐఫోన్ రావడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందు మాట ఇది.

మరి సృష్టికర్తలు కోటీశ్వరులు అయ్యారా? ఆ స్థాయిలో కాలేదు. సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ దొరకడం అప్పట్లో చాలా కష్టం, లాయర్లు కూడా అదే చెప్పడంతో వాళ్లు తీసుకోలేదు. దాంతో దారి అందరికీ తెరుచుకుంది. 1983 జనవరిలో మిచ్ కేపర్, జొనాథన్ సాక్స్ కలిసి తెచ్చిన లోటస్ 1-2-3 ఐబీఎం పీసీల మీద దుమ్ము రేపింది. తొలి ఏడాదే 5.3 కోట్ల డాలర్ల అమ్మకాలు! అదే సమయంలో విజిక్యాల్క్ రాసినవాళ్లు, దాన్ని అమ్మేవాళ్లు కోర్టుకెక్కి కొట్టుకుంటున్నారు. చివరికి 1985లో బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్‌ల కంపెనీని లోటసే కొనేసి, విజిక్యాల్క్‌ను ఆపేసింది.

అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ వచ్చింది. తమాషా ఏంటంటే, అది మొదట వచ్చింది యాపిల్ మ్యాక్ మీద. విండోస్‌కు 1987లో గానీ రాలేదు. తర్వాత లోటస్‌ను కూడా వెనక్కి నెట్టేసింది. ఇప్పుడు ఆ ఎక్సెల్ ఉన్న కంపెనీకి 2014 నుంచి సీఈఓ మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల.

అందరూ రాస్తే.. తప్పులు పట్టేదెవరు?

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామ్ రాస్తే దాన్ని ఇంకొకరు చూస్తారు, టెస్టింగ్ టీమ్ పరీక్షిస్తుంది. మరి ఆఫీసులో ఎవరో ఒకరు తయారుచేసిన ఎక్సెల్ షీట్‌ను? చాలాచోట్ల ఎవరూ చూడరు. గడిలో అంకె మాత్రమే కనిపిస్తుంది, సూత్రం కనిపించదు. చక్కగా వరసలో పేర్చి ఉన్న అంకెను ఎవరైనా నమ్మేస్తారు. హవాయి యూనివర్సిటీ ప్రొఫెసర్ రేమండ్ పాంకో ఏళ్ల తరబడి ఇదే విషయం మీద పనిచేశారు. తనిఖీ చేసిన షీట్లలో పదింటికి ఎనిమిదికి పైగా ఏదో ఒక తప్పు దొరికిందని ఆయన సేకరించిన అధ్యయనాలు చెబుతున్నాయి.

చిన్నాచితకా తప్పులే కదా అనుకుంటే పొరపాటే. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఓ పరిశోధన పత్రం రాశారు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి సగటున మైనస్ 0.1 శాతానికి పడిపోతుందన్నది అందులోని లెక్క. ప్రభుత్వాలు ఖర్చులు కోయాల్సిందే అని వాదించే నేతలు యూరప్‌లో, అమెరికాలో దీన్ని పదేపదే చూపించారు.

2013లో మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ క్లాసు పనిలో భాగంగా అదే లెక్క మళ్లీ వేయబోయాడు. ఎంతకీ రాలేదు. రచయితల నుంచే అసలు ఎక్సెల్ ఫైల్ తెప్పించుకుని సగటు గడి మీద క్లిక్ చేస్తే విషయం బయటపడింది. సూత్రం 49వ వరుస దాకా వెళ్లాల్సింది, 44వ వరుస దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్.. ఐదు దేశాలు గల్లంతు! హెర్న్‌డన్, ఆయన ప్రొఫెసర్లు సరిచేస్తే ఆ మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. అయితే ఒక మాట చెప్పుకోవాలి. ఆ తేడా మొత్తం ఎక్సెల్ తప్పు వల్లే కాదు. ఏ డేటా కలపాలి, దేనికెంత ప్రాధాన్యం ఇవ్వాలి అన్న ఎంపికలదే అందులో పెద్ద వాటా. ఎక్సెల్ పొరపాటును రచయితలు ఒప్పుకున్నారు, తమ మూల వాదన మాత్రం నిలుస్తుందన్నారు.

2012లో జేపీ మోర్గాన్ బ్యాంకుకు 600 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చిన 'లండన్ వేల్' వ్యవహారంలోనూ ఇదే కథ. రిస్కు లెక్కలు వరుస ఎక్సెల్ షీట్లలో, చేత్తో కాపీ-పేస్ట్ చేస్తూ నడిచాయని బ్యాంకు సొంత నివేదికే చెప్పింది. సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారు. దాంతో రిస్కు ఉన్నదానికంటే తక్కువగా కనిపించింది.

ఇక కరోనా టైమ్‌లో బ్రిటన్‌లో జరిగింది వింటే నోరెళ్లబెట్టాల్సిందే. 2020 సెప్టెంబర్ చివరి వారంలో 15,841 పాజిటివ్ కేసులు అధికారిక లెక్కల్లోకి ఎక్కలేదు. ల్యాబుల నుంచి వచ్చిన వివరాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి ఎక్కించడమే కారణం. ఆ రకం ఫైల్లో 65,536 వరుసలకు మించి పట్టవు. 2007లోనే ఎక్సెల్ ఆ పరిమితిని 10,48,576కు పెంచింది. అయినా 13 ఏళ్ల తర్వాత కూడా పాత రకమే వాడారు. నిండాక మిగిలినవి జారిపోయాయి. అవి ఒట్టి అంకెలు కాదు, మనుషులు. వాళ్లకు పాజిటివ్ అన్న కబురు అందింది గానీ, వాళ్లను కలిసినవారిని వెతికే పని రోజుల తరబడి ఆలస్యమైంది. ఈలోగా వైరస్ తన పని తాను చేసుకుపోయింది.

జన్యువులకే పేర్లు మార్చేశారు

ఇంకో విచిత్రం. మనిషి జన్యువుల్లో సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లున్నవి ఉండేవి. శాస్త్రవేత్తలు వాటిని ఎక్సెల్‌లో కొడితే చాలు, అది సెప్టెంబర్ 2, మార్చి 1 అని తేదీలుగా మార్చేసేది. 2016లో వచ్చిన ఓ అధ్యయనం ప్రకారం ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యు పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి ఎవరు తగ్గారో తెలుసా? జన్యువులే! 2020లో పేర్ల కమిటీ కొత్త నిబంధనలు ప్రకటించి, వాటిని సెప్టిన్2, మార్చ్ఎఫ్1గా మార్చింది. ఈ ఆటోమేటిక్ మార్పును ఆపుకునే ఆప్షన్‌ను మైక్రోసాఫ్ట్ ఇచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు, 2023లో.

పాత తప్పులను ఎక్సెల్ ఎంత భద్రంగా దాచుకుంటుందో మీరే మీ కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. ఓ ఖాళీ గడిలో 60 అని కొట్టి, దాన్ని తేదీగా చూపించమనండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. క్యాలెండర్‌లో అలాంటి రోజే లేదు, ఎందుకంటే 1900 లీపు సంవత్సరం కాదు. ఆ పొరపాటు మొదట లోటస్ 1-2-3లో ఉంది. లోటస్ ఫైళ్లు వాడేవాళ్లకు ఇబ్బంది రాకూడదని మైక్రోసాఫ్ట్ కావాలనే దాన్ని యథాతథంగా దించుకుంది. లోటస్ మార్కెట్లోంచి ఎప్పుడో వెళ్లిపోయింది. లేని ఆ రోజు మాత్రం ఎక్సెల్‌లో ఇప్పటికీ ఉంది.