లోపలికి పెరిగే కాలిగోరు

కాలిగోరు అంచు పక్కనున్న చర్మంలోకి దిగి పెరగడాన్ని వైద్య పరిభాషలో ఒనికోక్రిప్టోసిస్ అంటారు. ఇది ఎక్కువగా బొటనవేలికి వస్తుంది. గోరు చుట్టూ ఉన్న చర్మం చీము పట్టడం గోరుచుట్టు. లోపలికి పెరిగిన గోరు దానికి దారి తీయవచ్చు.

కారణాలు

గోరు మూలలను లోతుగా కత్తిరించడం, బిగుతైన పాదరక్షలు, దెబ్బ తగలడం ముఖ్య కారణాలు. నెల్లూరు తీరాన బోగోలు మండలంలోని జువ్వలదిన్నె వంటి గ్రామాలలో చేపలవేట చేసేవారి కాళ్ళు తరచుగా నీటిలో నానుతాయి. నానిన చర్మంలోకి గోరు సులభంగా దిగుతుంది.

నొప్పి పుట్టగానే మూలను కోసివేయడం సాధారణం. అందువలన తాత్కాలికంగా ఉపశమనం కలిగినా, లోపల మిగిలిన మొన గోరుతో పాటు పెరిగి మరింత లోతుగా గుచ్చుకుంటుంది.

చికిత్స

ఆరంభదశలో పాదాన్ని రోజుకు మూడు నాలుగు సార్లు, 15-20 నిమిషాలు గోరువెచ్చని నీటిలో ఉంచి, పొడిగా తుడవాలి. వేళ్ళను నొక్కని చెప్పులు ధరించాలి. చీము, వాపు ఎక్కువైతే వైద్యుని సంప్రదించాలి. వైద్యులు మత్తుమందు ఇచ్చి గోరు అంచును తొలగిస్తారు. అది తిరిగి పెరగకుండా మూలాన్ని ఫినాల్‌తో కాలుస్తారు. మధుమేహం ఉన్నవారు సొంతవైద్యం చేసుకోరాదు. వారికి స్పర్శ తగ్గి, చిన్న పుండు సైతం తెలియకుండానే ముదిరి, వేలు తీసివేయవలసి రావచ్చు.

నివారణ

గోళ్ళను అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలను చర్మం కంటే లోపలికి కోయరాదు.