బండికి గ్యాస్ సరే, మన నేలకు గడ్డి మిగలాలి కదా!

"అన్నా, సీబీజీ ప్లాంటు వాళ్లు గడ్డి, పేడ కొంటామంటున్నారు, ఇవ్వచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. వీడియోలో కొంత చెప్పాను, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సీబీజీ అంటే కంప్రెస్డ్ బయోగ్యాస్. పేడ, గడ్డి, కూరగాయల వ్యర్థాలు గాలి తగలకుండా మురిగితే వచ్చేది మనకు తెలిసిన గోబర్ గ్యాసే. అందులో మీథేన్ సుమారు 55-60 శాతం ఉంటుంది. శుద్ధి చేసి దాన్ని 90 శాతం దాటించి, ఒత్తిడితో సిలిండర్లలో నింపితే సీఎన్జీ బండ్లు దానితోనే నడుస్తాయి.

ప్రభుత్వం ఏం చేస్తోంది?

2018 అక్టోబరులో కేంద్రం 'సతత్' పథకం తెచ్చింది. ప్లాంటు పెట్టినవాళ్ల దగ్గర ఈ గ్యాస్‌ను ఆయిల్ కంపెనీలు కొంటాయి. వాహనాలకు, ఇళ్లకు ఇచ్చే గ్యాస్‌లో సీబీజీ వాటా 2025-26లో 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం ఉండాలని కూడా నిర్ణయించారు. అంటే గడ్డికి, పేడకు గిరాకీ ఇంకా పెరుగుతుంది.

గ్యాస్ పోగా మిగిలిన ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయాన్ని 2023లో ఆమోదించారు. అయితే ఇది నేరుగా రైతు ఖాతాలో పడే డబ్బు కాదు, గుర్తుంచుకోండి.

మరి మనం ఇవ్వచ్చా?

గ్యాస్‌గా పోయేది ముఖ్యంగా కర్బనం. నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకు స్లర్రీలోనే ఉంటాయి. కానీ మన సాగుకు ప్రాణం ఆ కర్బనమే కదా! నేల మీద ఆచ్ఛాదన లేకపోతే తేమ ఆరిపోతుంది, వానపాములకు, సూక్ష్మజీవులకు తిండి ఉండదు.

అందుకే నా మాట ఇది:

1. ముందు పశువుల మేత, ఆచ్ఛాదన, ఎకరాకు విడతకు 200 లీటర్ల జీవామృతానికి కావాల్సిన 10 కిలోల పేడ, ఘనజీవామృతం లెక్క వేసుకోండి. మిగిలితేనే అమ్మండి.
2. గడ్డి తగలబెట్టే పొలాలుంటే, కాల్చడం కంటే ప్లాంటుకు ఇవ్వడం వెయ్యి రెట్లు నయం.
3. ధరతో పాటు, ఎంత స్లర్రీ వెనక్కి ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి.
4. పట్టణ చెత్త కలిసిన ప్లాంటయితే, భార లోహాల పరీక్ష రిపోర్టు చూడకుండా ఆ ఎరువు పొలంలో వేయొద్దు.

గడ్డి కట్ట ధర ఒక్కటే చూడకండి. అది పోయాక మళ్లీ మనం ఎరువు కొనాల్సి వస్తే, అది లాభమెలా అవుతుంది?