గురిరేఖ వేరు, తూటా మార్గం వేరు: రైఫిల్ స్కోపు సవరణలో మౌంటు ఎత్తు, బ్యారెల్ పొడవుల పాత్ర

టెలిస్కోపు అమర్చిన రైఫిల్‌తో గురి చూసిన చోటనే తూటా తగులుతుందన్న అభిప్రాయం ప్రజలలో సర్వసాధారణంగా ఉన్నది. సాయుధ చర్యలపై వార్తలు వ్రాసేటప్పుడు, ఆయుధ సామగ్రి కొనుగోలు ప్రతిపాదనలను పరిశీలించేటప్పుడు కూడా అనేక సందర్భాలలో ఈ అభిప్రాయమే ఆధారమవుతున్నది. వాస్తవానికి స్కోపు లక్ష్యాన్ని స్పష్టంగా చూపగలదే తప్ప తూటాను నడిపించలేదు. స్కోపు ఎంత ఎత్తున అమర్చబడినది, బ్యారెల్ ఎంత పొడవున్నది, వాడుతున్న తూటా ఏది అన్న మూడు అంశాలకు అనుగుణంగా సవరించినప్పుడే దానిపై ఆధారపడవచ్చు. ఈ విషయంపై పాత్రికేయుల, అధికారుల అవగాహన కొరకు కొన్ని వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

జీరోయింగ్ అనగా ఏమి?

స్కోపు నుంచి లక్ష్యం వరకు సాగే గురిరేఖ సరళరేఖ. తూటా ప్రయాణించే మార్గం వక్రరేఖ. బ్యారెల్‌ను విడిచిన క్షణం నుంచే భూమ్యాకర్షణ తూటాను కిందికి లాగుతుంది. సెకనుకు 900 మీటర్ల వేగంతో వెలువడిన తూటా 100 మీటర్లు చేరడానికి సెకనులో తొమ్మిదో వంతు కాలం పడుతుంది. ఆ స్వల్ప వ్యవధిలోనే అది సుమారు 6 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 300 మీటర్ల వద్ద ఈ పతనం 54 సెంటీమీటర్లకు చేరుతుంది. దూరం మూడింతలైతే పతనం తొమ్మిదింతలవుతుందన్న మాట. ఇది గాలి నిరోధాన్ని మినహాయించి వేసిన లెక్క. గాలి తూటా వేగాన్ని తగ్గిస్తుంది కనుక వాస్తవ పతనం ఇంతకంటె ఎక్కువే ఉంటుంది.

స్కోపును బ్యారెల్‌పైన అమర్చుతారు. కనుక గురిరేఖ బ్యారెల్ మధ్యరేఖకు కొన్ని సెంటీమీటర్లు ఎగువన మొదలవుతుంది. ఈ ఎత్తును, తూటా పతనాన్ని కలిపి లెక్కించి, ఒక నిర్ణీత దూరంలో గురిరేఖ, తూటా మార్గం కలిసేటట్లు స్కోపును సవరించడమే జీరోయింగ్. స్కోపుపై ఉన్న మరలను ఒక్కొక్క క్లిక్కు చొప్పున త్రిప్పి ఈ పని చేస్తారు. సాధారణంగా వాడుకలో ఉన్న ఒక రకం స్కోపులో ఒక క్లిక్కు 100 మీటర్ల వద్ద ఒక సెంటీమీటరు మార్పునిస్తుంది. అయితే జీరోయింగ్ ఆ ఒక్క దూరానికే వర్తిస్తుంది. అంతకంటె దగ్గరలోను, దూరంలోను తూటా ఎక్కడ తగులుతుందన్నది మౌంటు ఎత్తు, తూటా వేగం నిర్ణయిస్తాయి.

మౌంటు ఎత్తు ప్రభావం

ఒకే రకమైన రెండు రైఫిళ్లను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి దానిపై స్కోపు మధ్యరేఖ బ్యారెల్ మధ్యరేఖకు 4 సెంటీమీటర్ల ఎత్తున, రెండవ దానిపై 6.5 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. రెండింటినీ 100 మీటర్లకు సక్రమంగా జీరో చేశారు. పైన పేర్కొన్న వేగంతోనే లెక్కిస్తే, 10 మీటర్ల దూరంలో మొదటి రైఫిల్ తూటా గురిబిందువుకు 3.1 సెంటీమీటర్లు, రెండవ దాని తూటా 5.3 సెంటీమీటర్లు దిగువన తగులుతాయి. 25 మీటర్ల వద్ద ఈ వ్యత్యాసాలు వరుసగా 1.9, 3.7 సెంటీమీటర్లు. 300 మీటర్ల వద్ద పరిస్థితి తారుమారవుతుంది. మొదటిది 28 సెంటీమీటర్లు దిగువన తగిలితే, రెండవది 23 సెంటీమీటర్లు మాత్రమే దిగువన తగులుతుంది.

అనగా ఎత్తైన మౌంటు దగ్గరి దూరాలలో తూటాను గురికి మరింత దిగువన, జీరో దూరం దాటిన తరువాత పోల్చిచూస్తే ఎగువన చేరుస్తుంది. మౌంటు ఎత్తు మంచిదా, కాదా అన్న ప్రశ్నకు ఏక సమాధానం లేదు. ఏ దూరంలో పని అన్నదే ప్రధానం.

దగ్గరి దూరాలలో దీనికి మరొక ముఖ్యమైన పర్యవసానం కలదు. గోడ అంచు మీదుగానో, వాహనం బానెట్ మీదుగానో గురి చూసినప్పుడు స్కోపులో మార్గం నిరాటంకంగా కనిపించవచ్చు. కానీ బ్యారెల్ అంతకు ఆరేడు సెంటీమీటర్లు దిగువన ఉన్నందున తూటా ఆ గోడనో, బానెట్‌నో తాకి దారి మళ్లే ప్రమాదమున్నది. చుట్టుపక్కల పౌరులు ఉన్నచోట ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

బిగింపులో తేడా వచ్చినా ఫలితం తీవ్రంగానే ఉంటుంది. స్కోపును పట్టి ఉంచే రెండు రింగుల నడుమ 10 సెంటీమీటర్ల ఎడమున్నదనుకుంటే, వెనుక రింగు కేవలం 0.1 మిల్లీమీటరు పైకి లేచినా 100 మీటర్ల వద్ద తూటా 10 సెంటీమీటర్లు ఎగువన తగులుతుంది. స్కోపును విప్పి మరల అదే రైఫిల్‌కు బిగించినా తిరిగి పరీక్షించాలని నిపుణులు పట్టుబట్టడానికి కారణమిదే.

బ్యారెల్ పొడవు ప్రభావం

మందుగుండు మండినప్పుడు పుట్టిన వాయువు బ్యారెల్‌లో ఉన్నంతసేపు తూటాను ముందుకు నెడుతుంది. బ్యారెల్ పొడవైనకొద్దీ ఈ నెట్టుడు ఎక్కువసేపు సాగి వేగం పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత వాయు పీడనం తగ్గి, రాపిడిదే పైచేయి అవుతుంది.

మన దేశంలో తయారైన 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ రైఫిల్ బ్యారెల్ పొడవు 464 మిల్లీమీటర్లు, తూటా వేగం సెకనుకు సుమారు 900 మీటర్లు. అదే కుటుంబానికి చెందిన తేలికపాటి మెషిన్‌గన్ బ్యారెల్ 535 మిల్లీమీటర్లు, వేగం సుమారు 925 మీటర్లు. గాలి నిరోధాన్ని మినహాయిస్తే 300 మీటర్ల వద్ద ఈ రెండింటి తూటా పతనంలో తేడా సుమారు 3 సెంటీమీటర్లు. రెండింటినీ 100 మీటర్లకు విడివిడిగా జీరో చేసినా ఇందులో దాదాపు 2 సెంటీమీటర్లు మిగిలే ఉంటుంది. గాలి నిరోధం వలన దూరంతోపాటు ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

వివిధ దూరాలకు ముందే గీతలు ముద్రించిన స్కోపులలో ఈ అంశం మరింత కీలకం. అమెరికా మెరైన్ దళం వాడిన నాలుగింతల వృద్ధిగల ఏకాగ్ స్కోపు ఇందుకు చక్కని ఉదాహరణ. 20 అంగుళాల బ్యారెల్ గల ఎం16ఏ4 రైఫిల్‌కు ఒక నమూనాను, 14.5 అంగుళాల బ్యారెల్ గల ఎం4 కార్బైన్‌కు మరొక నమూనాను ప్రత్యేకంగా రూపొందించారు. పైకి రెండు స్కోపులూ ఒకే తీరుగా కనిపిస్తాయి. తూటా కూడా ఒకటే. లోపలి గీతల కొలతలు మాత్రం వేరు. ఒకదాని బదులు మరొకటి అమర్చితే దగ్గరి దూరంలో జీరో సరిపోయినట్లే కనిపించినా, దూరపు గీతలు తప్పు చూపుతాయి.

పొడవు బ్యారెల్ అంటే కచ్చితత్వమా?

పొడవైన బ్యారెల్ ఉంటేనే గురి కుదురుతుందన్నది మరొక అపోహ. టెలిస్కోపు లేని రైఫిళ్లలో వెనుక, ముందు గురిగుర్తుల మధ్య దూరం పెరిగితే గురి చూడడంలో పొరపాటు తగ్గుతుంది. ఈ నమ్మకం అక్కడి నుంచే వచ్చినది. స్కోపు వాడినప్పుడు ఆ ప్రయోజనం వర్తించదు. పైగా అదే మందం గల పొట్టి బ్యారెల్ తక్కువగా కంపిస్తుంది.

క్రీడారంగం దీనికి సాక్ష్యం. అభినవ్ బింద్రా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం, హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోపు నిషిద్ధం. అక్కడ లక్ష్యపు కేంద్రబిందువు వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. దూరం ఎన్నడూ మారదు కనుక మౌంటు ఎత్తు వలన దగ్గర, దూరాల తేడా అక్కడ తలెత్తదు. పోలీసు, అటవీ సిబ్బందికి ఆ సౌలభ్యం లేదు. వారికి ఎదురయ్యే దూరం ముందుగా తెలియదు.

అధికారులు గమనించవలసిన అంశాలు

స్కోపు, మౌంటు, రైఫిల్, తూటాలను విడివిడి వస్తువులుగా గాక ఒకే జతగా పరిగణించడం ఆవశ్యకం. కొనుగోలు ప్రతిపాదనలో బ్యారెల్ పొడవు, తూటా రకం, మౌంటు ఎత్తు పేర్కొనాలి. ప్రతి ఆయుధానికి ఒక నమోదు పత్రం ఉంచి, అందులో జీరో చేసిన దూరం, తేదీ, మౌంటు ఎత్తు, తూటా రకం, 10 మీటర్ల నుంచి పని జరిగే గరిష్ఠ దూరం వరకు స్వయంగా కాల్చి చూసిన ఫలితాలు వ్రాయాలి. వీటిలో ఏ ఒక్కటి మారినా పాత నమోదు చెల్లదని భావించి తిరిగి పరీక్షించాలి. ఒక రైఫిల్ నుంచి తీసిన స్కోపును పరీక్ష లేకుండా మరొక రైఫిల్‌కు అమర్చి విధులకు పంపడం ఏ పరిస్థితిలోను తగదు.

పాత్రికేయులు సైతం అత్యాధునిక స్కోపు ఉండి కూడా గురి ఎందుకు తప్పిందని ప్రశ్నించేటప్పుడు, ఆ స్కోపును ఏ రైఫిల్‌పై, ఏ తూటాతో, ఏ దూరానికి, ఎప్పుడు జీరో చేశారని అడగడం సముచితం. స్కోపు ఖరీదు కంటె ఈ నాలుగు సమాధానాలే అసలు సంగతిని ఎక్కువగా తెలుపుతాయి.